లేకపోయినా రాయి

ఒరేయ్ చంటీ,

నువ్వు డల్లాస్ వెళ్తున్నావన్న సంగతి నాకు నీ వాట్సాప్ స్టేటస్ చూస్తే తెలిసింది. మేనమామకి ఒక్క ముక్క చెప్పాలని తోచలేదా వాడికి అని మీ అమ్మ మీద అరిచాను, పాపం మధ్యలో అదేం చేసింది. ఆ సాయంత్రమే కిరాణా కొట్టతనికి మా మేనల్లుడు అమెరికా వెళ్తున్నాడని అడక్కుండానే చెప్పి వచ్చాననుకో.

సరే విను. ఆవకాయ, మందులు, సర్టిఫికెట్ల జిరాక్సులు మీ అమ్మ చూసుకుంటుంది. దానికి మాత్రం ఫోన్ చేస్తూ ఉండు. అక్కడ పొద్దున్న ఎనిమిదంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, నవంబరులో వాళ్లు గడియారాలు మార్చాక ఏడున్నర. ఆ వేళకి దీపం పెట్టేసి ఖాళీగానే ఉంటుంది. 'ఏంటి విశేషాలు' అనకు, దానికేం విశేషాలుంటాయి? ఏం కూర చేశావు, పక్కింటివాళ్ల గోడ గొడవ ఎంతవరకొచ్చింది అని అడుగు, అరగంట మాట్లాడుతుంది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టే దండాల బొమ్మలు లెక్కలోకి రావు.

అసలు సంగతి వేరే ఉంది.

నేను 1979లో భిలాయి స్టీల్ ప్లాంటులో చేరాను. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది. అక్కడున్నవాడు ఒక్క మాట చెబితే ఉద్యోగం వచ్చేస్తుందని ఊళ్లో అనుకునేవాళ్లు, ఇప్పుడు నీ గురించి అనుకోబోతున్నట్టే. మూడో క్లాసు నుంచి నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు ఒకడుండేవాడు, పేరు రాస్తే ఒప్పుకోడు. నెలకో ఇన్లాండు లెటరు రాసేవాడు. ఆ నీలం కాగితంలో ఎక్కడా ఖాళీ వదిలేవాడు కాదు, అంటించే మడత మీద కూడా రాసేసేవాడు, చింపేసరికి సగం అక్షరాలు పోయేవి. 1984 వేసవిలో రాసినదాంట్లో తమ్ముడికి కాంట్రాక్టు పనైనా చూడమని అడిగాడు. మడత మీద 'లేకపోయినా రాయి' అని ఉంది. అది చిరగలేదు, చదివాను కూడా.

నలుగురిని అడిగాను, దొరకలేదు. లేదని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంకొకర్ని అడిగి రాద్దామనుకున్నాను. రెండు నెలలు గడిచాక లేదని రాయాలంటే ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో అది కూడా రాయాలి కదా, ఆరు నెలలయ్యాక అదే పెద్ద కొండై కూర్చుంది. వాడు ఇంకో రెండు ఉత్తరాలు రాశాడు, తమ్ముడి మాటే ఎత్తలేదు. వాటికీ జవాబు లేదు. సెలవులకి ఊరొస్తే అప్పు ఎగ్గొట్టినవాడిలా వాళ్ల వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఏడేళ్లు రా! ఈలోగా వాళ్లమ్మ పోయింది. ఆవిడ చేతి పెసరట్లు ఎన్ని తిన్నానో. కబురు నాకు రాలేదు. పెద్ద కర్మ కూడా అయిపోయాక మీ తాతయ్య మాటల మధ్యలో చెప్పారు.

అప్పుడు వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. నేను వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ తిరిగిన ఆ నెలలోనే తమ్ముడికి విశాఖలో పని దొరికిందట. "ఉద్యోగం వేయించలేదని కాదు, పెద్దవాడివైపోయావనుకున్నాం" అన్నాడు. మళ్లీ వాడు నన్ను ఒరే అని పిలవడానికి నాలుగు సిరిమానులు పట్టింది, విజయనగరం పైడితల్లమ్మ జాతరకి ఏటా పనిగట్టుకుని వచ్చి వాడి పక్కన నిలబడేవాణ్ణి.

నీకు రేపట్నుంచి రెజ్యూమేలు వస్తాయి, రిఫర్ చెయ్యమని. నీతో చదివినవాళ్లే పంపుతారు. కుదిరితే చెయ్యి, కుదరకపోతే వారంలోపు కుదరదని చెప్పెయ్. చూస్తాను, చూస్తాను అని నాన్చావంటే నిన్ను నేనే తంతాను. ఎప్పుడైనా ఆలస్యమైపోయిందా, సంజాయిషీ వెతుక్కుంటూ కూర్చోకు. ఫోన్ చేసి మర్చిపోయాన్రా అను. తిడతాడు, తిట్టించుకో. నాకూ అంతే, ఏడాది మాట్లాడకపోయినా ఏ అర్ధరాత్రయినా చెయ్యి. రాత్రిళ్లు ఎలాగూ నిద్ర పట్టడం లేదు.

నీ టిక్కెట్టు దసరా వెళ్లాక వచ్చే శుక్రవారానికని మీ అమ్మ చెప్పింది. అయితే మంగళవారం సిరిమాను చూసే వెళ్లు. మూడు లాంతర్ల దగ్గర, ఏటా నిలబడే చోటే ఉంటాం నేనూ వాడూ. వాడికి మోకాళ్ల నొప్పులు, అంతసేపు నిలబడలేడు. మీ ఇంట్లో మడత కుర్చీ ఉండాలి, అది పట్టుకురా.

మీ మావయ్య