కోల్డ్ డ్రాన్ ట్యూబ్‌ను నిలువునా కోస్తే విచ్చుకుంటోంది, సరుకు వెనక్కి పంపాలా?

బయటి వ్యాసం 50 మి.మీ., మందం 2 మి.మీ. ఉన్న స్టీల్ ట్యూబ్‌ను నిలువునా కోస్తే వ్యాసం అర మిల్లీమీటరు పెరిగిందన్నారు. తొందరపడి వెనక్కి పంపకండి. నేను ట్యూబ్ ఫినిషింగ్, తనిఖీ పనిలో ఉన్నాను. కోల్డ్ డ్రాన్ సరుకులో, అంటే వేడి చేయకుండా డై అనే అచ్చు రంధ్రంలోంచి లాగి తయారుచేసిన ట్యూబుల్లో, ఇది మామూలుగా కనబడేదే. తేల్చుకోవాల్సింది ఎంత విచ్చుకుంది, ఆ ట్యూబ్‌తో మీరేం చేయబోతున్నారు అన్నవే.

డైలోంచి లాగేటప్పుడు గోడ మందమంతా ఒకే తీరుగా సాగదు. డై దాటి బయటికొచ్చాక బయటి పొరలో లాగుడు, లోపలి పొరలో నొక్కుడు మిగిలిపోతాయి. గొట్టం మూసుకుని ఉన్నంతసేపూ రెండూ సరితూగుతాయి, కోయగానే ఆ పట్టు వదిలి విచ్చుకుంటుంది. లోపలి కొలతను నిలబెట్టే ప్లగ్ గానీ మాండ్రెల్ (కడ్డీ) గానీ పెట్టకుండా లాగిన ట్యూబుల్లో ఇది ఇంకా ఎక్కువ.

లెక్క సులువే. మీ ట్యూబ్ సగటు వ్యాసం 48, కోశాక 48.5. 1/48 లోంచి 1/48.5 తీసేసి, మందం 2తోనూ, స్టీల్ సాగడానికి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే యంగ్ గుణకం 2,00,000 మెగాపాస్కల్స్‌తోనూ గుణిస్తే 86 వస్తుంది. పాయిజాన్ నిష్పత్తి (ఒక దిక్కున సాగితే పక్కకు ఎంత సన్నబడుతుందో చెప్పేది) స్టీల్‌కి 0.3. 1 లోంచి దాని వర్గం తీసేస్తే 0.91, వచ్చిన 86ను దాంతో భాగించండి. సుమారు 94 మెగాపాస్కల్స్. చుట్టుకొలత దిశలో బయటి పొరలో ఉన్న లాగుడు అది. కోల్డ్ డ్రాన్ స్టీల్‌కి ఇదేమీ బెదిరిపోవాల్సిన అంకె కాదు.

అయితే కొలతే తేడాగా ఉంటే లెక్కంతా వృథా. వ్యాసాన్ని కోత పడే గీతకు 90 డిగ్రీల పక్కన, ముక్క నడిమధ్యలో, కోయక ముందూ తర్వాతా ఒకే గుర్తు దగ్గర తీయండి. కోసిన ట్యూబ్ స్ప్రింగులా ఉంటుంది. మైక్రోమీటర్ కాస్త బిగిస్తే చాలు, లోపలికి వంగి రీడింగ్ తగ్గిపోతుంది. తాకీతాకనట్టు పట్టుకోవాలి. కూలెంట్ పోస్తూ నెమ్మదిగా కోసి, ముక్క చల్లారాకే కొలవండి. పొట్టి రింగు తీసుకోవద్దు, పొడవు వ్యాసానికి కనీసం రెండు మూడు రెట్లుండాలి. ఇంకో మాట, లోహంలో మిగిలిన ఈ లాగుడు, నొక్కుళ్లనే స్ట్రెస్ అంటారు. ఈ పద్ధతికి అందేది అందులో గోడ బయటి పొర నుంచి లోపలి పొర దాకా ఒకే తీరుగా మారే భాగమే. ఉపరితలం దగ్గరి అసలు స్ట్రెస్ అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

ట్యూబ్‌ను అలాగే వాడేస్తే దిగులు లేదు. ఒక పక్కనే స్లాట్ కొట్టినా, మెషినింగ్‌లో లోహం తీసినా మాత్రం వంకర పోతుంది, గుండ్రదనం చెడుతుంది. అలాంటి పనికైతే స్ట్రెస్ రిలీవింగ్, అంటే ఫర్నేస్‌లో వేడి చేసి స్ట్రెస్ తగ్గించడం, చేయించాల్సిందే. స్టీల్‌కి 550 డిగ్రీల సెల్సియస్ పైకి వెళ్తే స్ట్రెస్ బాగా తగ్గుతుంది, కానీ కోల్డ్ డ్రాయింగ్‌తో వచ్చిన బలం కూడా కొంత పోతుంది. కోల్డ్ డ్రాయింగ్‌తో వచ్చిన ఆ బలం కోసమే కొన్నట్టయితే ముందే ఆలోచించుకోండి.

ఇత్తడి ట్యూబులైతే నేను అస్సలు ఉపేక్షించను. తేమతో పాటు అమ్మోనియా కాస్త తగిలినా, పైన ఏ బరువూ లేకుండానే నిలువునా పగులుతాయి. 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంట సేపు ఉంచితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది, గట్టిదనం పెద్దగా పోదు.

ఏ లోహమైనా, రిలీవింగ్ అయ్యాక అదే ట్యూబ్ లోంచి ఇంకో ముక్క కోసి చూడండి. అప్పుడూ అర మిల్లీమీటరే విచ్చుకుంటే, ఫర్నేస్‌లో ట్యూబ్ దాకా వేడి చేరలేదన్నమాట.