నాణ్యమా, నాణ్యతా? న్యాక్ బ్యానర్ మీద ఒక సందేహం

సందేహం: కాలేజీల నాణ్యం తూచి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ నుంచి మా కాలేజీకి బి ప్లస్ ప్లస్ గ్రేడు వచ్చింది. వార్షికోత్సవం బ్యానర్ మీద "న్యాక్ గుర్తింపు పొందిన కళాశాల" అని రాసిచ్చాను. మా ప్రిన్సిపాల్ సార్ "గుర్తింపు మరీ చిన్న మాట, నాణ్యతా ప్రమాణీకరణ అని పెట్టండి" అన్నారు. ఏది సరి? నాణ్యతకు ఆ దీర్ఘం ఎందుకు? బ్యానర్ నమూనా ఫొటో పంపుతున్నాను.
– దేవరకొండ వైపు నుంచి ఒక డిగ్రీ కాలేజీ తెలుగు మేడమ్

సమాధానం: అమ్మా, మీరు అడిగింది ముఖ్యంగా గుర్తింపు గురించి. నా మనసు మాత్రం మీ సార్ చెప్పిన నాణ్యత దగ్గరే ఆగిపోయింది. ముందు దాని సంగతి చూసి మీ బ్యానర్ దగ్గరికి వస్తాను.

నాణ్యం, నాణెం ఒక ఇంటి మాటలే. సంస్కృతంలో నాణకం అంటే నాణెం. కన్నడం వాళ్లు ఇప్పటికీ నాణేన్ని నాణ్య అనే అంటారు. తమిళంలో నాణయం అంటే నాణెమూ అవుతుంది, నిజాయితీ కూడా అవుతుంది. మనం మాత్రం ఆ ఒక్క మాటనే రెండు చేసుకుని, జేబులో మోగేదాన్ని నాణెం అని, సరుకులో ఉండాల్సినదాన్ని నాణ్యం అని అంటున్నాం. ఇంతకీ ఆ నాణకం ఎక్కడిదంటే, కుషాణుల నాణేల మీద నన అనే దేవత ఉంటుంది, కనిష్కుడి నాణేల మీద బొమ్మతో పాటు పేరు కూడా కనిపిస్తుంది, ఆ పేరు నుంచే నాణకం వచ్చిందని కొందరు పండితుల ఊహ. నాకూ అదే నచ్చుతుంది. దీనారం మాత్రం రోము నుంచి వచ్చిన డెనారియసే.

నా చిన్నప్పుడు మా తాత ఒక సంగతి పదేపదే చెప్పేవాడు. వాళ్ల ఊరి సావుకారి కొట్టు ముందు నున్నటి నల్లబండ ఒకటి ఉండేదట. హాలీ రూపాయి (నిజాం నాణెం) ఇచ్చినా, కల్దారు (ఇంగ్లీషువాళ్ల రూపాయి) ఇచ్చినా ఆయన దాన్ని బండ మీద పడేసి చెవి ఒగ్గేవాడట. ఖంగుమంటే గల్లాలోకి, మొద్దుగా మోగితే మళ్లీ మన చేతికే. నాణ్యం చూడటమంటే అసలు అర్థం అదీ. యాజ్ఞవల్క్య స్మృతిలో ఈ పని చేసేవాడికి నాణక పరీక్షి అని పేరే ఉంది. మంచి నాణేన్ని దొంగదని గాని, దొంగ నాణేన్ని మంచిదని గాని చెప్పినవాడికి పెద్ద జుల్మానా వెయ్యమని కూడా రాశారు. న్యాక్ తరఫున మీ కాలేజీని చూడటానికి వచ్చే పీర్ టీమ్‌కు అచ్చమైన పాతమాట కావాలంటే ఇదే ఇస్తాను, బ్యానర్ మీద మాత్రం వెయ్యకండి.

ఇక నాణేల మాట ఎత్తాక శ్రీనాథుణ్ణి వదిలిపెట్టడం నా వల్ల కాదు. "దీనార టంకాల దీర్థమాడించితి" అని మొదలయ్యే చాటుపద్యం మీరు క్లాసులో చెప్పే ఉంటారు. టంకం అన్నా నాణెమే, నాణేలు కొట్టే చోటు టంకశాల. ఇప్పటి పిల్లలకు టంకం అంటే వైర్లకు వేసే అతుకు ఒక్కటే తెలుసు, సరే. పద్యాన్ని మళ్లీ ఒకసారి చూడండి. దక్షిణాధీశుడి ముత్యాలశాలలో నాణేలతో స్నానం చేయించావు, నైషధం రాస్తుంటే పలుకు తోడయ్యావు, వాదానికి దిగిన గౌడ డిండిమభట్టు అనే పండితుడి కంచుఢక్క పగలగొట్టించావు, సార్వభౌమ బిరుదు నిలిపావు అని శారదకు తన గెలుపులన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పుకుంటాడు. ఇది మీ కాలేజీవాళ్లు న్యాక్ కోసం రాత్రుళ్లు కూర్చుని నింపిన స్వీయ అధ్యయన నివేదిక కాక ఇంకేమిటి! ఆఖరికి "ఎటుల మెప్పించెదో నన్ను నింకమీద" అంటాడు. ఎవరిని మెప్పించాలి? రావు సింగ మహీపాలుణ్ణి, అదీ నిండు కొలువులో. ఆయన కొలువు మన రాచకొండ, నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న గుట్ట. ఆ సింగభూపాలుడు ఎన్నోవాడు, ఈ పద్యం నిజంగా శ్రీనాథుడిదేనా అన్నది చరిత్రకారుల తగాదా, వాళ్లకే వదిలేద్దాం. నాకు నచ్చింది ఆ టెన్షన్. అన్ని బిరుదులు ఉన్న కవిసార్వభౌముడికే కొత్త కొలువు ముందు గుండె దడ తప్పలేదు.

మీ దీర్ఘం సంగతి. యోగ్యత, పక్కన పత్రం చేరితే యోగ్యతాపత్రం, ఇది సంస్కృత సమాసం, దీర్ఘం న్యాయమే. నాణ్యం అట్లాంటి మాట కాదు, మనం వాడే అర్థంలో అది దేశంలో నలిగి తయారైన మాట. పైగా నాణ్యం అన్నప్పుడే ఆ గుణం వచ్చేసింది, మళ్లీ త ఎందుకు? ప్రాధాన్యం చాలదని ప్రాధాన్యత, ప్రాముఖ్యం చాలదని ప్రాముఖ్యత అంటున్న కాలం కదా, తోక లేకపోతే మనవాళ్లకు మాట నిండినట్టుండదు. అయితే నాణ్యత వాడుకలో బాగా పాతుకుపోయింది, దాన్ని పీకమని నేను చెప్పను. నాణ్యతా అని దీర్ఘం తీయకుండా నాణ్యత ప్రమాణాలు అంటే నా చెవికి హాయి. పరీక్ష పేపర్లో మాత్రం దీర్ఘం పెట్టినందుకు పిల్లలకు మార్కులు కొయ్యకండి.

ప్రమాణీకరణ తప్పు కాదు, బరువెక్కువ. పల్లెల్లో ప్రమాణం అంటే గుడి ముందు ఒట్టేయడం. న్యాక్ కోసం కాలేజీల్లో పెట్టే నాణ్యతా హామీ విభాగం పేరులోని హామీ కూడా నాకు పెద్దగా నచ్చదు, ఎన్నికల వాసన కొడుతుంది. పూచీ మంచి మాట, కానీ ఆ పేరుతో కమిటీలో కూర్చోవడానికి ఎవరు ఒప్పుకుంటారో తెలియదు!

గుర్తింపుతో అసలు చిక్కు వేరే. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టంలోని 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద జాబితాలో చేరినా గుర్తింపే, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఇచ్చే అనుబంధాన్నీ జనం గుర్తింపే అంటారు, న్యాక్ ఇచ్చేదీ గుర్తింపే. మొదటి రెండూ కాలేజీ ఉందని ఒప్పుకోవడం, మూడోది ఎట్లా ఉందో తూచి చెప్పడం. 1994లో బెంగళూరులో న్యాక్ పుట్టినప్పటి నుంచీ ఈ గందరగోళం తెలుగులో ఉన్నదే. న్యాక్ లెక్కలో నాలుగు పాయింట్లకు 3.51, ఆపైన వస్తే ఏ ప్లస్ ప్లస్, మీది 2.76 నుంచి 3 లోపు, 1.50 దాటకపోతే అసలు గుర్తింపే లేదు. అందుకే గ్రేడు చెప్పకుండా ఉత్త గుర్తింపు అంటే సగం మాటే అయింది. ఈ గ్రేడ్ల బదులు ఉంది, లేదు అనే రెండు ముక్కల పద్ధతి తెస్తామని 2024లో ప్రకటించారు. అది విన్నప్పుడు నాకు ఆ నల్లబండే గుర్తొచ్చింది.

ఒకసారి ఒక కాలేజీవాళ్లు పూర్వ విద్యార్థినని నన్ను కూడా న్యాక్ బృందం ముందు కూర్చోబెట్టారు. వరండాకు రాత్రి వేసిన సున్నం ఇంకా ఆరలేదు, నా లాల్చీ భుజానికి అంటుకుంది. లైబ్రరీలో సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు కనిపిస్తే ఆశగా ఒకటి తీశాను. పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి, పాతికేళ్లుగా ఎవరూ తెరిచినట్టు లేదు. బృందంలోని పెద్దాయన "ఇది మంచి నిఘంటువా?" అని అడిగారు. అవునన్నాను, అబద్ధం కాదు కదా.

మొత్తానికి మీరు రాసిందే ఉంచండి, "న్యాక్ గుర్తింపు (బి ప్లస్ ప్లస్) పొందిన కళాశాల" అని గ్రేడు చేర్చండి చాలు. సార్ పట్టుబడితే ప్రమాణీకరణ కూడా చెల్లుతుంది, దాని కోసం ఆయనతో తగువు వద్దు. "గుర్తింపు పొందబడిన" అని మాత్రం ఎవరి చేతా దిద్దించకండి.

ఇంకొకటి, ఫొటోలో పైన పెద్ద అక్షరాలతో "సుస్వాగతం" కనిపించింది. స్వాగతంలో సు ముందే ఉందమ్మా. ప్రింటుకు పోకముందే ఆ రెండో సు తీయించండి.