బజ్జీల నూనెతో విమానం ఎగురుతదా?

(బేగంపేటలో, ఆ తర్వాత శంషాబాద్‌లో విమానాలకు ఇంధనం నింపే పనిచేసి రిటైరై, ఇప్పుడు కాజీపేటలో ఉంటున్న మా శీర్షిక రచయిత ఈసారి పాఠకులకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: సార్, హనుమకొండ చౌరస్తా దగ్గర మాది మిర్చి బజ్జీల బండి. వాడిన నూనె మాకు అమ్మండి, దాంతో విమానం పెట్రోలు చేస్తరని ఒకాయన వచ్చి అడిగిండు. నిజమేనా? లేకపోతే తీసుకపోయి ఇంకో హోటల్‌కు అమ్ముతడా?
– బండి యజమాని, హనుమకొండ

జవాబు: మీ అనుమానం మంచిదే, ముందు దాని సంగతి చూద్దాం. వాడిన నూనెను సేకరించడానికి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో 'రూకో' అనే కార్యక్రమం పెట్టింది. వచ్చినాయన ఆ సంస్థ దగ్గర నమోదైన సేకరణదారేనా అని అడగండి. కాగితం చూపించకపోతే డబ్బా ఇవ్వకండి. నూనె మరిగినకొద్దీ చెడిపోయి, అందులో పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనెలో ఏమీ వేయించకూడదని నిబంధన ఉంది. విమానం సంగతి తర్వాత, ఆ నూనె మళ్ళీ మనుషుల కడుపులోకి పోకపోవడమే పెద్ద లాభం.

ఇక విమానం. అందులో పోసేది పెట్రోలు కాదు తమ్ముడూ, కిరోసిన్ జాతిది. ఏటీఎఫ్ అంటాం. నింపే ముందు గాజు జాడీలో శాంపిల్ పట్టి వెలుతురుకు పెట్టి చూసేవాళ్ళం. అడుగున నీటి చుక్క కనిపిస్తే బౌజర్, అంటే ఇంధనం తెచ్చే ట్యాంకర్ లారీ, కదిలేది కాదు. అంత పట్టింపు ఎందుకంటే, పైన 35,000 అడుగుల ఎత్తులో చలి మైనస్ 50 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, నీటి చుక్క గడ్డకడుతుంది. జెట్ ఎ-1 రకం ఇంధనం మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదు. మీ బజ్జీల నూనె పోస్తే చలికాలపు కొబ్బరినూనెలా పేరుకుపోతుంది.

అందుకే దాన్ని రిఫైనరీకి పంపుతారు. అక్కడ ఎక్కువ ఒత్తిడిలో, ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ కలిపి, నూనెలోని ఆక్సిజన్‌ను తీసేస్తారు. పొడుగాటి అణువుల్ని విరిచి, ఆకారం మార్చి కిరోసిన్‌లాగా చేస్తారు. దీన్నే ఎస్ఏఎఫ్, అంటే సుస్థిర విమాన ఇంధనం అంటున్నారు. మామూలు ఏటీఎఫ్‌లో సగం దాకా కలపవచ్చు, ఇంజిన్‌లో ఏమీ మార్చక్కర్లేదు. ఇండియన్ ఆయిల్ వారి పానిపట్ రిఫైనరీకి 2025లో వాడిన నూనెతో ఈ ఇంధనం చేయడానికి అంతర్జాతీయ ధ్రువీకరణ కూడా వచ్చింది. మన దేశం నుంచి విదేశాలకు వెళ్ళే విమానాల్లో 2027కు 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది.

ఒక సంగతి ఎవరూ విడమర్చి చెప్పరు. కాల్చేటప్పుడు దీని పొగలోనూ అంతే కార్బన్ ఉంటుంది. కిలో ఏటీఎఫ్ కాలితే మూడు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇదీ అంతే. తేడా ఏమిటంటే ఆ కార్బన్‌ను నూనెగింజల పంట అంతకుముందే గాలిలోంచి తీసుకుంది, భూమి లోపలినుంచి తవ్వి తెచ్చింది కాదు. పంట నుంచి కాల్చేదాకా అన్నీ లెక్కవేస్తే 80 శాతం దాకా తగ్గుతుందంటారు.

అయితే ఎంత నూనె కావాలి? హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక ఏ320 రకం విమానం వెళ్తే నాలుగు టన్నులకు అటూ ఇటూ, అంటే సుమారు 5,000 లీటర్లు తాగుతుంది. మీ బండి రోజుకు ఐదు లీటర్లు మిగిల్చిందనుకుందాం. తయారీలో పోయేది లెక్కపెట్టకుండానే వెయ్యి బండ్ల ఒకరోజు నూనె ఒక్క ట్రిప్పుకు పోయింది. వరంగల్‌లో అన్ని బజ్జీల బండ్లున్నాయా? 2024లో ప్రపంచమంతా కలిపి తయారైన ఎస్ఏఎఫ్ విమానాలు వాడే ఇంధనంలో 0.3 శాతమే. ధర మామూలు దానికి రెండింతలు దాటి ఉంటుంది. మిగతాది ఇథనాల్‌తో చేస్తామంటారు. దానికి మక్కజొన్నో బియ్యమో కావాలి, నీళ్ళు కావాలి. మన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో జనం రోడ్డెక్కింది మరిచిపోలేదు కదా. నూనె అమ్మండి, తప్పకుండా అమ్మండి. మీ బజ్జీలతో ఆకాశం శుభ్రమవుతుందని మాత్రం ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా బిడ్డ కాన్పుకు పోతున్న. 'అమ్మమ్మా, ఫ్లైట్ ఎక్కితే భూమి వేడెక్కుతది' అని పెద్ద మనవరాలు అంటున్నది. పోకుండ ఎట్లుంట?
– ఒక అమ్మమ్మ, కరీంనగర్

జవాబు: పొండి అమ్మా. పాప చెప్పింది మాత్రం అబద్ధం కాదు. పోను రాను మీ ఒక్కరి వాటాకు రెండు టన్నుల పైనే కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. మన దేశంలో సగటు మనిషి ఏడాదంతా అన్ని అవసరాలకూ కలిపి వెలువరించేది దాదాపు అంతే. పోయినప్పుడు ఆర్నెల్లూ ఉండి రండి, రెండుసార్లు పోయేది ఒకసారితో సరిపెట్టండి. వీలైనంత తక్కువ చోట్ల దిగి ఎక్కే టికెట్ చూడమనండి. అల్లుడు గారు ముచ్చటపడి బిజినెస్ క్లాస్ తీస్తానంటే వద్దనండి. ఆ సీటు ఆక్రమించే జాగాకు మీ వాటా మూడింతలవుతుంది. బరువుకూ లెక్కుంది. దూరపు ప్రయాణంలో మోసే ప్రతి కిలోకు గంటకు ఆ బరువులో మూడు శాతం దాకా ఇంధనం కాలుతుంది. అయినా సకినాలు తగ్గించుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు.

ప్రశ్న: మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్ళీ వస్తున్నదని మేం సంబరపడుతుంటే, మీరు పొల్యూషన్ అంటారేమో?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: సంబరపడండి. నిజాం కాలపు ఆ రన్‌వే మీద 1981 దాకా విమానాలు దిగాయి, 2025లో కేంద్రం మళ్ళీ పచ్చజెండా ఊపింది. అక్కడినుంచి ఢిల్లీకో ముంబైకో వెళ్ళేవారు శంషాబాద్ దాకా కారులో పోనక్కర్లేదు. కానీ మామునూరు నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్ వేయమని ఏ నాయకుడైనా అడిగితే నేను ఒప్పుకోను. విమానం పైకి లేచి ఎత్తు అందుకునేటప్పుడే ఇంధనం విపరీతంగా కాలుతుంది, చిన్న దూరంలో ఆ ఖర్చు తిరిగి రాదు. వరంగల్‌లో వందేభారత్ ఆగుతుంది, లైను మొత్తం కరెంటుదే. రైలులో రెండున్నర గంటల్లో పోగలిగిన కొన్ని చోట్లకు ఫ్రాన్స్ 2023లో విమానాలే ఆపేసింది. పారిస్‌లోని ఓర్లీ ఎయిర్‌పోర్ట్ నుంచి లియోన్, నాంత్, బోర్డోలకు అప్పుడు ఫ్లైట్లు ఆగాయి.

కంపెనీలు చేసే ఇంకో పని కూడా చెప్పాలి. ఏటీఎఫ్ మీద పన్ను తక్కువున్న రాష్ట్రంలో వచ్చే ట్రిప్పుకు కూడా కలిపి నింపించుకుంటాయి. 'ట్యాంకరింగ్' అంటాం. డబ్బు మిగులుతుంది, ఆ అదనపు బరువు మోయడానికి మళ్ళీ ఇంధనం కాలుతుంది. నా చేత్తో నేనే చాలాసార్లు నింపాను. యూరప్‌లో దీన్ని చట్టంతో కట్టడి చేస్తున్నారు, మన దగ్గర పన్నులు సమానమైతే చాలావరకు దానంతటదే పోతుంది.

ప్రశ్న: బ్యాటరీ విమానాలు ఎందుకు రావట్లేదు? విమానం వెనక తెల్లగీత పొగేనా?
– తొమ్మిదో తరగతి, భూపాలపల్లి

జవాబు: కిలో ఏటీఎఫ్‌లో ఉన్న శక్తి కావాలంటే ఇప్పటి బ్యాటరీలు 40 కిలోలకు పైనే కావాలి. పైన చెప్పిన ఢిల్లీ ట్రిప్పుకు 160 టన్నులు. మోటారు జెట్ ఇంజిన్ కంటే రెండింతలు పొదుపు అనుకున్నా 80 టన్నులు. ఏ320 నియో ప్రయాణికులతో సహా లేవగలిగే మొత్తం బరువే 79 టన్నులు. చిన్న విమానాలకు, కొద్దిపాటి దూరాలకు బ్యాటరీ కుదరొచ్చు.

తెల్లగీత పొగ కాదు, మంచు పలుకులు. గాలిలో తేమ ఎక్కువున్న పొరలో పోతే అది పలచని మబ్బుగా పరుచుకుని, భూమి నుంచి పైకి పోయే వేడిని ఆపుతుంది. అన్ని గీతలూ అలా నిలవవు, కొద్దిపాటి విమానాల వల్లే ఈ వేడిలో ఎక్కువ భాగం వస్తుంది. 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 ఫ్లైట్లలో ఆ తేమ పొరల్ని ముందే అంచనా వేసి, ఎత్తు కొంచెం మార్చి నడిపి చూస్తే గీతలు 54 శాతం తగ్గాయి. ఎత్తు మార్చినందుకు ఇంధనం కాస్త ఎక్కువ ఖర్చయింది.