చట్టం సంగతి తర్వాత, ముందు రక్త పరీక్ష

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. పదేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. గాజువాకలో అమ్మ దగ్గర ఉంటాడు, నేను కూర్మన్నపాలెంలో అత్తారింట్లో ఉంటాను. మూడు నెలల క్రితం ఆసుపత్రిలో చేర్చి క్లోజపిన్ మొదలుపెట్టారు. నెల తిరక్కుండానే ‘కొత్త చట్టం వచ్చింది, ఇక ఉంచుకోలేం’ అని ఇంటికి పంపేశారు. అమ్మకు 66. వాడిని పట్టుకోవడం ఆమె వల్ల కావడం లేదు, రాత్రిళ్లు గదికి బయట గడియ పెడుతోంది. మధ్యలో పది రోజులు మాత్రలు మింగనని మొండికేశాడు. నాలుగు రోజుల నుంచి మళ్లీ పాత డోసే, 300 మి.గ్రా. వేస్తున్నాం. రెండు రోజులుగా కాస్త జ్వరం, గొంతు నొప్పి ఉంటే మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేశాం. వాడిని ఎప్పటికీ ఆసుపత్రిలోనే ఉంచే దారి లేదా? చట్టం ఎందుకిలా చేసింది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరడిగింది చట్టం గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం ‘కాస్త జ్వరం, గొంతు నొప్పి’ అన్న ముక్క. క్లోజపిన్ మంచి మందే, మిగతా మందులకు లొంగని జబ్బుకు వాడతాం. కానీ కొద్దిమందిలో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. అది మొదట బయటపడేది ఇలాగే, మామూలు జ్వరంలా, గొంతు నొప్పిలా. మొదటి 18 వారాల్లో ఈ ముప్పు ఎక్కువ, అందుకే వారం వారం రక్త పరీక్ష చేయిస్తాం. మీ తమ్ముడు ఇంకా ఆ గడువులోనే ఉన్నాడు. ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో రక్త పరీక్ష ఊసే లేదు! ఇవాళే సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి, తెల్ల కణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ ఎన్నున్నాయో చూడాలి. ఇది చదివేసరికి జ్వరం తగ్గిపోయినా సరే, చేయించండి.

రెండోది డోసు. క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే పాత డోసుతో మొదలుపెట్టకూడదు. మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు, గుండె మీదా ప్రభావం పడొచ్చు. రాత్రి మాత్ర వేసే ముందు మీ సైకియాట్రిస్టుతో మాట్లాడండి. ఆయన దొరకకపోతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకి తీసుకెళ్లి, ‘క్లోజపిన్ వాడుతున్నాడు, మధ్యలో పది రోజులు మానేశాడు’ అని మొదటి మాటగా చెప్పండి. ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు.

ఇక మెడికల్ షాపు. ఏం మాత్రలు వేశారో రాయలేదు. గొంతు నొప్పి అనగానే మన ఊళ్లో అజిత్రోమైసిన్ చేతిలో పెడతారు. క్లోజపిన్‌తో కలిస్తే అది గుండె లయను దెబ్బతీయొచ్చు. షాపులో కుర్రాడికి మీ తమ్ముడు ఏం వాడుతున్నాడో తెలియదు, మీరూ చెప్పి ఉండరు. పారాసెటమాల్ జ్వరాన్ని దించి, మేం చూడాల్సిన గుర్తును దాచేస్తుంది. నా ఓపీలో వారానికి ఒకరైనా ఇలాంటి వాళ్లు వస్తారు. ‘షాపులో అడిగాం సార్, తగ్గలేదు’ అంటారు. ఆ రెండు రోజులే ఒక్కోసారి మా చేతుల్లోంచి జారిపోతాయి. కోప్పడుతున్నానని అనుకోకండి. అయినా కొంచెం కోపమే.

చట్టం సంగతి. మీరంటున్నది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే నుంచి అమల్లో ఉంది. ‘ఇక ఉంచుకోలేం’ అన్నది సగం మాటే. 89వ సెక్షన్ కింద రోగి తరఫు ప్రతినిధి కోరితే 30 రోజుల వరకు ఉంచొచ్చు. ఆ తర్వాతా అవసరమైతే 90వ సెక్షన్ ఉంది. ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా చూసి అవసరమనాలి, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు ఒప్పుకోవాలి. మీ తమ్ముడి కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి వాళ్లది తప్పని అనను.

ఎప్పటికీ ఉంచడం మాత్రం కుదరదు, కుదరకూడదు కూడా. ఇంట్లో వాళ్లు వద్దన్నారనో, చూసేవాళ్లు లేరనో మనిషిని ఆసుపత్రిలో పడేయకూడదని 19వ సెక్షన్ చెబుతోంది. అలాంటివాళ్ల కోసం హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీలాంటివి), ఆసరాతో ఉండే వసతులు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని 18వ సెక్షన్ అంటోంది. కాగితం మీద బాగుంది. అవి మీ అమ్మగారికి అందుబాటులో ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు. బ్రిటన్ 1990లో కమ్యూనిటీ కేర్ చట్టం తెచ్చినప్పుడు, ఇంట్లో ఉన్నవాళ్లకు ఏ సాయం కావాలో అంచనా వేసే పని స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. చూసుకునే వాళ్లనూ లెక్కలోకి తీసుకుంటూ 1995లో మరో చట్టం తెచ్చింది. మన దగ్గర రోగికి హక్కులు రాశారు, బరువు మాత్రం తల్లి నెత్తిన పడింది. ఇది నా అభిప్రాయం.

ఆ గడియ మాత్రం తీయించండి. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది కదలలేక కాలిపోయారు. ఇప్పుడు గొలుసులు వేయడాన్ని చట్టమే నిషేధించింది. మీది గొలుసు కాదు, గడియే. అగ్గి పుడితే ఆ తేడా ఏముంటుంది?

మానసిక జబ్బు కూడా వైకల్యం కిందికి వస్తుంది. వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని సర్టిఫికెట్ ఇస్తే పింఛన్‌కు అర్హత ఉంటుందేమో సచివాలయంలో అడగండి. రాత్రిపూట అమ్మకు చేతకానప్పుడు మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు. రక్తం రిపోర్టు వచ్చాక డోసు సంగతి చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఓపీలోనైనా చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, ఆ షాపులో కొన్నవాటితో సహా.