80 ఏళ్ళ గీత దాటకముందే లీజు పొడిగించుకో

చి.సౌ. మాధవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన లీజు కాపీ, ల్యాండ్ రిజిస్ట్రీ కాగితం రెండూ పూర్తిగా చదివాను. ముందుగా చెప్పేది, ఈ పని వాయిదా వెయ్యకు. లండన్‌లోని హౌన్‌స్లోలో మీ ఫ్లాట్ లీజు 2008 మార్చి 25 నుంచి 99 ఏళ్ళు, అంటే 2107 మార్చి 24తో తీరిపోతుంది. 2027 మార్చి 24 నాటికి సరిగ్గా 80 ఏళ్ళు మిగులుతాయి. ఆ గీతకి ఇవతల ఉండగా పొడిగించమని నోటీసు ఇస్తే ఒక ధర, దాటాక ఇస్తే దానికి రెట్టింపు పైమాట.

లీజు మీద సంతకాలు జరిగింది 2009 అక్టోబర్‌లో కదా అని అల్లుడు గారు అడిగారట. లెక్క సంతకం తేదీ నుంచి కాదు, మీరు కొన్న తేదీ నుంచి అసలే కాదు. లీజు లోపల 'టర్మ్' దగ్గర ఏ తేదీ రాసి ఉందో అక్కడి నుంచే. చాలామంది పొరపడేది ఇక్కడే. మీ విషయంలో ఆ పొరపాటుకి ఏడాదిన్నర తేడా వస్తుంది.

మనవైపు ఫ్లాట్ కొంటే స్థలంలో విడదీయని వాటా ఇన్ని గజాలని దస్తావేజులో రాసి రిజిస్టర్ చేస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్కువ ఫ్లాట్లకి ఆ వాటా ఉండదు. నేలా భవనమూ ఫ్రీహోల్డర్ అనే అసలు యజమానివి. మీరు కొన్నది ఇన్నేళ్ళు అనుభవించే హక్కు మాత్రమే, అదీ ఏటేటా కరిగిపోయేది. మిగిలిన కాలం 70 ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి చాలా బ్యాంకులు దాని మీద అప్పివ్వడానికి వెనకాడతాయి. అప్పు పుట్టని ఫ్లాట్‌ని రొక్కం ఉన్నవాళ్ళే కొంటారు, తగ్గించి అడుగుతారు.

దీనికి విరుగుడు 1993 చట్టంలో ఉంది. ఫ్రీహోల్డర్‌కి ఇష్టమున్నా లేకపోయినా, మిగిలిన కాలానికి 90 ఏళ్ళు కలిపి కొత్త లీజు ఇవ్వాలి, గ్రౌండ్ రెంట్, అంటే ఆయనకి ఏటా కట్టే నేల అద్దె, తీసెయ్యాలి. కాగితం మీద 'పెప్పర్‌కార్న్' అని రాస్తారు, అంటే ఏడాదికి ఒక మిరియపు గింజ. నిజానికి కట్టేదేమీ ఉండదు. ఇంతకుముందు రెండేళ్ళు సొంతదారుగా ఉంటేగాని ఈ హక్కు వచ్చేది కాదు. 2025 జనవరి 31 నుంచి ఆ షరతు పోయింది. ల్యాండ్ రిజిస్ట్రీలో మీ ఇద్దరి పేర్లు ఎక్కి ఉంటే చాలు.

ఇక ధర. 'ప్రీమియం' అంటారు. మీ ఫ్లాట్ పొడిగించిన లీజుతో 3,00,000 పౌండ్లు చేస్తుందనీ, గ్రౌండ్ రెంట్ ఏడాదికి మారకుండా 200 అనీ అనుకుందాం. 81 ఏళ్ళ తర్వాత ఫ్రీహోల్డర్ చేతికి వచ్చే ఫ్లాట్‌కి ఈనాటి విలువ ఎంతో 5 శాతం చొప్పున వెనక్కి లెక్కగడితే 5,765 పౌండ్లు వస్తుంది. ఇలాంటి తగాదాలు తేల్చే ట్రైబ్యునళ్ళు ఫ్లాట్లకి మామూలుగా వాడే రేటు అదే. ఆయన పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్‌ని 6 శాతం మీద లెక్కిస్తే 3,300 చిల్లర. మొత్తం దాదాపు 9,000.

అదే ఫ్లాట్, 79 ఏళ్ళు మిగిలాక. పై రెండు పద్దులూ కలిసి 9,600 అవుతాయి, పెద్ద తేడా లేదు. కానీ అప్పుడు 'మ్యారేజ్ వాల్యూ' అనే మూడో పద్దు వచ్చి పడుతుంది. లీజు పొడిగించడం వల్ల ఫ్లాట్‌కి పెరిగే విలువలోంచి పై రెండు పద్దులూ తీసేసి, మిగిలినదానిలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. పొట్టి లీజుతో ఫ్లాట్ విలువ 2,70,000 అని వాల్యుయర్ (విలువ కట్టే నిపుణుడు) తేల్చాడనుకో, ఆ సగం 10,200 దాకా వస్తుంది. మొత్తం 19,800. రెండేళ్ళ ఆలస్యానికి పదివేల ఎనిమిది వందల పౌండ్లు ఎక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్కే, అసలు అంకెలు వాల్యుయర్ చెప్పాలి. తేడా ఏ స్థాయిలో ఉంటుందో నీకు తెలియాలని వేశాను.

కొత్త చట్టం వస్తోందిగా, ఆగుదామా అన్నావు. 2024 మే 24న ఆమోదం పొందిన చట్టం మ్యారేజ్ వాల్యూని ఎత్తేస్తుంది, 990 ఏళ్ళ పొడిగింపు ఇస్తుంది, నిజమే. దాన్ని సవాలు చేస్తూ ఫ్రీహోల్డర్లు వేసిన కేసుని 2025 అక్టోబర్‌లో హైకోర్టు కొట్టేసింది కూడా. కానీ ఈ ఉత్తరం రాసేనాటికి ఆ భాగాలు అమల్లోకి రాలేదు. లీజు ఇప్పటికే 68కో 70కో పడిపోయి, అమ్మే తొందర లేనివాళ్ళు ఆగడంలో అర్థముంది. గీతకి ఇవతల ఉన్న మీకు ఆగితే కలిసొచ్చేది కొద్ది, పోగొట్టుకునేది పెద్ద. నా మాట వింటే దసరాకల్లా నోటీసు వెళ్ళిపోవాలి. మార్చి దాకా లాగితే తపాలా ఆలస్యమైనా, నోటీసులో తప్పు దొర్లినా దిద్దుకునే వ్యవధి ఉండదు.

ముందు వాల్యుయర్‌ని పెట్టుకో. సర్వేయర్ల వృత్తి సంఘమైన ఆర్‌ఐసీఎస్‌లో సభ్యుడై, మీ చుట్టుపక్కల లీజు పొడిగింపులు చేసినవాడై ఉండాలి. ఇల్లు కొన్నప్పుడు వచ్చిన సర్వేయర్‌కి ఈ లెక్క రావాలనేమీ లేదు. సొలిసిటర్, అంటే కాగితాల పని చూసే లాయర్ కూడా అంతే. కొనుగోలు కాగితాలు చూసినాయన మంచివాడే కావచ్చు, ఈ పనికి మాత్రం లీజు పొడిగింపులు చేసే నిపుణుల సంఘం ఆలెప్‌లో సభ్యులైన వాళ్ళని చూడు. మీరు వంటగది మార్చారు కదా, అది వాల్యుయర్‌కి తప్పక చెప్పు. సొంత ఖర్చుతో చేసుకున్న మెరుగుల వల్ల పెరిగిన విలువని లెక్కలోంచి తీసెయ్యాలి. గోడ ఏదైనా తీసి ఉంటే, దానికి ఫ్రీహోల్డర్ అనుమతి కాగితం ఉందో లేదో ఇప్పుడే వెతుకు. లేకపోతే బేరంలో అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు.

తర్వాత సెక్షన్ 42 నోటీసు, అంటే లీజు పొడిగించమని 1993 చట్టం కింద ఫ్రీహోల్డర్‌కి ఇచ్చే కాగితం. మొత్తం వ్యవహారానికి ప్రాణం ఇదే, ఎందుకంటే ఇది ఇచ్చిన రోజునే ధర లెక్కకి తేదీ ఖాయమవుతుంది. ఆ తర్వాత బేరం ఏడాది సాగినా మీ లీజు 80కి పైనున్నట్టే లెక్క. అందులో లీజు తేదీ, కాలం, మీరు ఇస్తామంటున్న ధర, కోరే షరతులు, జవాబుకి కనీసం రెండు నెలల గడువు ఉండాలి. పేర్లు ల్యాండ్ రిజిస్ట్రీలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. నీ ఇంటిపేరు అక్కడ పూర్తిగా ఉంది, అల్లుడు గారిది పొడి అక్షరమే. పాస్‌పోర్టుతో కలవని పేరుంటే సొలిసిటర్‌కి మొదటి రోజే చెప్పండి. ధర తక్కువ రాయొచ్చు, బేరమాడాలి కదా. వాల్యుయర్ 9,000 అంటే 7,500 అనొచ్చు. ఏ లెక్కకీ అందని అంకె రాస్తే మాత్రం నోటీసే చెల్లదని కోర్టులు తేల్చిన సందర్భం ఉంది.

నోటీసు ఎవరికి అన్నది ఇంకో చిక్కు. గ్రౌండ్ రెంట్ వసూలు చేసే కంపెనీ ఫ్రీహోల్డర్ కాకపోవచ్చు. మధ్యలో హెడ్ లీజు ఉన్నవాళ్ళు, అంటే ఫ్రీహోల్డర్ దగ్గర లీజు తీసుకుని మీకు పైన ఉన్నవాళ్ళు, ఉండొచ్చు, లీజులో సంతకం పెట్టిన మేనేజ్‌మెంట్ కంపెనీ ఉండొచ్చు. భవనం ఫ్రీహోల్డ్ రిజిస్టర్ కాపీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే 7 పౌండ్లకి దొరుకుతుంది. వెతికితే పైన కనిపించే ప్రైవేటు సైట్లు అదే కాగితానికి ఎక్కువ గుంజుతాయి. ఫ్రీహోల్డర్ ఆచూకీయే తెలియకపోతే కౌంటీ కోర్టు ద్వారా లీజు తెచ్చుకునే దారి ఉంది.

నోటీసు ఇచ్చిన వెంటనే దాన్ని ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించు. చేయించకపోతే, రేపు ఫ్రీహోల్డర్ భవనం అమ్మేస్తే కొత్తవాళ్ళు మాకు సంబంధం లేదంటారు. నోటీసు అందాక ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగొచ్చు: నోటీసులో రాసిన ధరలో పదో వంతు లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. 7,500కి 750. అడిగాక 14 రోజుల్లో కట్టాలి.

కౌంటర్ నోటీసు, అంటే ఫ్రీహోల్డర్ జవాబు, వచ్చిందంటే అందులో ధర ఎక్కువే ఉంటుంది, గుండె జారనివ్వకు. అక్కడి నుంచి వాల్యుయర్లిద్దరూ మాట్లాడుకుంటారు. కుదరకపోతే రెండు నెలలు గడిచాక, ఆరు నెలలు నిండకముందు ట్రైబ్యునల్‌కి దరఖాస్తు పెట్టాలి. ఈ ఆరు నెలలు గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసుకో. బేరం దాదాపు కుదిరిందని ఊరుకుంటే, గడువు దాటగానే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్ళీ 12 నెలల దాకా ఇవ్వనివ్వరు. ఈలోగా మీ లీజు 80 కిందికి పోతుంది, ఇంత జాగ్రత్తా వృథా అవుతుంది. దరఖాస్తు పెట్టడం గొడవ పడటం కాదు. పెట్టాక కూడా మాటలు సాగుతాయి, చాలావరకు విచారణ దాకా పోకుండానే తేలతాయి. ఒకవేళ కౌంటర్ నోటీసే రాకపోతే, ఆ గడువు ముగిసిన ఆరు నెలల్లోపు కౌంటీ కోర్టుకి వెళ్తే మీరు రాసిన ధరకే లీజు ఇప్పిస్తుంది.

షరతులు కుదిరాక రెండు నెలల్లో సంతకాలు కావాలి. ఆ గడువు దాటితే ఇంకో రెండు నెలల్లోపు కోర్టుకి వెళ్ళాలి. సర్వీస్ ఛార్జ్ బాకీలుంటే అప్పటికి తీర్చెయ్యండి.

ప్రీమియం కాక మీ సొలిసిటర్, వాల్యుయర్ ఫీజులు మీవి. ఫ్రీహోల్డర్ వైపు లాయర్, వాల్యుయర్ల న్యాయమైన ఫీజులు కూడా ఇప్పటి చట్టం ప్రకారం మీరే కట్టాలి, ట్రైబ్యునల్‌లో వాళ్ళు పెట్టే ఖర్చు తప్ప. అన్నిటికీ మూడు నుంచి అయిదు వేల పౌండ్లు పక్కన పెట్టుకో. మీ నాన్న గుంటూరు స్థలం అమ్మి డబ్బు పంపుతానన్నాడట. పంపితే ముందుగానే పంపమను. సొలిసిటర్ డబ్బు ఎక్కడిదని తప్పక అడుగుతాడు. అమ్మకం దస్తావేజు, దాని ఇంగ్లీషు అనువాదం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, గిఫ్ట్ అని నాన్న సంతకం పెట్టిన ఉత్తరం సిద్ధంగా ఉంచు. సంతకాల వారంలో ఇవి వెతుక్కుంటే పని ఆగిపోతుంది.

ఫ్రీహోల్డర్ నుంచి 'సులభంగా పొడిగిస్తాం' అని ఉత్తరం వచ్చిందన్నావు. నోటీసు లేకుండా మాట్లాడుకునే పద్ధతి అది. మొత్తం 125 ఏళ్ళకి పెంచుతామంటున్నారు, అంటే మీకు కలిసేది 44 ఏళ్ళే. 2022 చట్టం వల్ల పొడిగించిన కాలానికి గ్రౌండ్ రెంట్ వెయ్యలేరు గానీ, పాత లీజులో మిగిలిన కాలమంతా వసూలు చేసుకోవచ్చు. పైగా ఎప్పుడైనా వెనక్కి తగ్గొచ్చు, మార్చి దాటాక తగ్గితే మీరు చేసేదేమీ లేదు. మాట్లాడాలనుకుంటే సెక్షన్ 42 నోటీసు ఇచ్చాకే మాట్లాడండి.

ఆ ఉత్తరానికి నువ్వు జవాబు రాయకు. అందులోని ప్రతి పేజీ, లీజు వెనక అతికించిన ప్లాన్‌తో సహా స్కాన్ చేసి ఈ ఆదివారంలోగా పంపు. సొలిసిటర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాసిస్తాను.

మీ పెదనాన్న