బంతి ఎక్కడుంది?

కాకినాడ,
శనివారం రాత్రి.

చిరంజీవి మాధురికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెడరర్ అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. ఆయన ఆట మాత్రం ఎక్కడా కనబడలేదమ్మా.

కోపం తెచ్చుకోకు. పని లేని ముసలాణ్ణి కాబట్టి లెక్క కూడా పెట్టాను. నాలుగు పేజీల్లో 'అద్భుతం' పదకొండుసార్లు వచ్చింది. 'సొగసు' తొమ్మిదిసార్లు, 'కవిత్వం' ఆరుసార్లు. 'మోకాలు' ఒక్కసారి కూడా రాలేదు. భుజం లేదు, నడుం లేదు, బూట్లు లేవు. పాదాలు లేకుండా టెన్నిస్ ఆడిన మనిషి గురించి ఇదే మొదటిసారి చదవడం.

ఈ జబ్బు నాకూ వచ్చింది, అందుకే గుర్తుపట్టాను. 2001 జులైలో నేను ఒక పత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ణి. వింబుల్డన్ నాలుగో రౌండ్లో పీట్ సంప్రాస్ మీదికి ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చాడు. నీ ఫెడరరే. వెనక్కి కట్టిన జుట్టు, కొంచెం బిడియం. సంప్రాస్ అప్పటికి ఏడుసార్లు ఆ కప్పు గెలిచినవాడు, అక్కడ వరసగా 31 మ్యాచ్‌లు ఓడలేదు. కుర్రాడు అయిదు సెట్లలో, చివరి సెట్ 7-5తో గెలిచాడు. తర్వాతి రౌండ్లో టిమ్ హెన్‌మన్ చేతిలో ఓడాడనుకో, అది వేరే సంగతి. ఆ రాత్రి నాకు పూనకం వచ్చింది. హంస నడక అన్నాను, నెమలి నాట్యం అన్నాను, పచ్చిక మీద వెన్నెల అన్నాను. ఆరొందల మాటలు. మా డెస్క్ ఇన్‌ఛార్జి గారికి టెన్నిస్ పెద్దగా తెలియదు. చదివి, కళ్ళజోడు తీసి, "ఏమయ్యా, ఇందులో బంతి ఎక్కడుంది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈయనకేం తెలుసు రసం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తీసి చూసుకుంటే నిజంగానే బంతి లేదు. ఆరొందల మాటల్లో ఒక్కచోటా లేదు.

అదే ఏడాది మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్ 281 కొట్టాడు. అప్పుడూ నేను మణికట్టు మాయాజాలం అని రాసి చేతులు దులుపుకున్నాను. లెగ్ స్టంప్ బయట గరుకులో పడి తిరిగే షేన్ వార్న్ బంతిని, ముందుకొచ్చి ఒకసారి కవర్స్ వైపు, ఇంకోసారి మిడ్‌వికెట్ వైపు పంపించాడు. ఒకే రకం బంతి, రెండు దిక్కులు. అది రాసి ఉంటే చాలు, మాయాజాలం అనే మాట అక్కర్లేదు. ఒకే సంవత్సరంలో రెండు మణికట్లు పాడుచేసిన ఘనత నాది.

సరే, నీ వ్యాసానికి వద్దాం. రెండో పేజీలో 'ఆయన ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఒక కావ్యం' అన్నావు. ఈసారి ఏదైనా పాత మ్యాచ్ పెట్టుకుని ఒక గేమంతా బంతిని చూడకు, ఆయన్నే చూడు. అవతలివాడు కొట్టగానే చిన్న గెంతు వేస్తాడు, పాదాలు రెండూ ఇంచుమించు ఒకేసారి నేలకి ఆనుతాయి. ఆ తర్వాత పెద్ద అంగలు ఒకటో రెండో, బంతి దగ్గరపడ్డాక చీమ నడిచినట్టు చిన్న చిన్న అడుగులు. ఎడమచెయ్యి రాకెట్ మెడ పట్టుకుని వెనక్కి తీసుకెళ్తుంది. వీపు సగం అవతలివాడికి కనబడేంతగా భుజాలు తిరుగుతాయి. కుడికాలు ముందుకు పడుతుంది. అప్పుడు ఎడమచెయ్యి వదిలేస్తుంది. కుడిచెయ్యి ముందుకెళ్తుంటే ఎడమచెయ్యి వెనక్కి చాచుకుంటుంది, త్రాసు పళ్ళాల్లాగా. తల మాత్రం కదలదు. బంతి నెట్ దాటుతున్నా చూపు ఇంకా అది రాకెట్‌కి తగిలిన చోటే ఉంటుంది. చాలామంది ఆటగాళ్ళు బంతి ఎక్కడ పడుతుందో చూసే ఆత్రంలో తల ముందే తిప్పేస్తారు. ఈయనకి ఆ ఆత్రం లేదు. ఫోటోల్లో ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఎందుకుంటుందో నాకు అర్థమైంది ఇది గమనించాకే.

ఇప్పుడు చెప్పు, ఇందులో 'కావ్యం' అన్న మాట ఎక్కడ పెడతావు? పెట్టడానికి చోటు లేదు కదా.

ఇంకో మాట. మూడో పేజీలో 'శ్రమ లేకుండా ఆడతాడు' అన్నావు. అందరూ అనేదే. 2024 జూన్‌లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో మాట్లాడుతూ ఆయనే దీన్ని ఎత్తుకున్నాడు. మెచ్చుకోలుగానే అంటారు గానీ, చెమట కూడా పట్టలేదు అంటే తనకి చికాకుగా ఉండేదని చెప్పాడు. చిన్నప్పుడు ఆయన మహా కోపిష్టి. రాకెట్లు విసిరేవాడు, కోర్టులోనే తిట్టుకునేవాడు. ఆ ఆటని దిద్దినవాళ్ళలో ముఖ్యుడు పీటర్ కార్టర్ అనే ఆస్ట్రేలియా కోచ్. 2002 ఆగస్టులో దక్షిణాఫ్రికాలో కారు ప్రమాదంలో పోయాడు. శిష్యుడు మొదటి వింబుల్డన్ గెలవడం చూడలేకపోయాడు, ఒక్క ఏడాది తేడాలో.

నువ్వు అష్టావధానం ఎప్పుడైనా చూశావా? అవధాని గారు నవ్వుతూ ఉంటారు. పక్కన ఒకాయన అప్రస్తుత ప్రసంగంతో విసిగిస్తుంటాడు, ఇంకొకాయన అక్షరం అక్షరానికీ నిషేధం పెడుతుంటాడు, ఎవరో గంట కొడుతుంటారు. సభకి కనబడేది నవ్వు, పద్యం. లోపల ఎన్ని పాదాలు సగంలో ఆగి ఉన్నాయో ఆయనకే తెలుసు. అవధానం గురించి రాసేవాడు ఆ నవ్వు ఒక్కటే రాస్తే సగం కూడా రాయనట్టు. నిషిద్ధాక్షరిలో ఏ అక్షరం వద్దన్నారో, దాన్ని తప్పించడానికి ఏ మాట దొరికిందో రాయాలి. ఫెడరర్‌కీ అంతే. అదే ప్రసంగంలో ఆయన చెప్పిన లెక్క చూడు: 1526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి, దాదాపు 80 శాతం గెలిచాడు. గెలిచిన పాయింట్లు మాత్రం 54 శాతమే. అంటే నువ్వు దేవుడు అని రాసిన మనిషి ఇంచుమించు ప్రతి రెండో పాయింటు ఓడిపోయాడు. వ్యాసమంతా గెలిచిన పాయింట్లే ఉన్నాయి. ఆ మిగతా 46 ఏమయ్యాయి తల్లీ?

నాదల్ గురించి నువ్వు రాసిన పేరా కొట్టేశాను, పూర్తిగా. 'కండబలంతో ఆడే స్పెయిన్ బుల్' ఏమిటి? ఆ మాట మా తరం ఆటల పేజీలవాళ్ళం తెచ్చిపెట్టిన దరిద్రం. స్విస్ దిగ్గజం, మట్టికోట రారాజు, సెర్బియా యోధుడు... డెడ్‌లైన్ ముంచుకొస్తుంటే హెడ్డింగుకి పనికొచ్చేవి. నీకు డెడ్‌లైన్ లేదు. ఒకర్ని ఎత్తడానికి ఇంకొకర్ని దించితే నీవాడి ఎత్తు ఎవరికీ తెలియదు. ఎడమచేత్తో నాదల్ కొట్టే టాప్‌స్పిన్ ఎర్రమట్టి మీద పడి ఫెడరర్ భుజం కంటే పైకి లేచేది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి ఆ ఎత్తులో బలం ఉండదు. నువ్వు కావ్యం అన్నావే, సరిగ్గా దాని మీదే గురిపెట్టి కొట్టాడు, ఏళ్ళ తరబడి. 2008 పారిస్ ఫైనల్లో నాదల్ గెలుపు 6-1, 6-3, 6-0. నాలుగు వారాల తర్వాత వింబుల్డన్‌లో, చీకటి పడుతుండగా, అయిదో సెట్ 9-7, అదీ నాదల్‌దే.

ఇక్కడ నీకు అసలైన కథ ఉంది, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. 2014లో ఫెడరర్ తన చిన్న రాకెట్ వదిలేశాడు. దాని తల 90 చదరపు అంగుళాలు ఉండేది, 97కి మారాడు. 2016లో మోకాలికి ఆపరేషన్, ఆ తర్వాత ఆర్నెల్లు ఆటకి దూరం. 2017 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడటానికి మెల్‌బోర్న్‌కి 17వ సీడ్‌గా వచ్చాడు, 35 ఏళ్ళ వయసులో. ఫైనల్లో మళ్ళీ నాదలే. అయిదో సెట్‌లో 1-3తో వెనకబడ్డాడు. ఇప్పుడు ఆ బ్యాక్‌హ్యాండ్ చూడు. వెనక్కి జరగడం లేదు, బంతి భుజం దాకా లేచేదాకా ఆగడం లేదు. బేస్‌లైన్ దగ్గరే నిలబడి, లేస్తున్న బంతిని లేస్తుండగానే కొట్టేస్తున్నాడు. బంతిని కోసినట్టు కొట్టే స్లైస్ తగ్గింది, బాదుడు పెరిగింది. వరసగా అయిదు గేములు గెలిచి 6-3తో కప్పు పట్టుకుపోయాడు. అది 2004 నాటి సొగసు కాదు. సొగసు కూడా షెడ్డుకెళ్ళి రిపేరు చేయించుకుని వచ్చింది. నేనైతే వ్యాసం మొత్తం ఈ బ్యాక్‌హ్యాండ్ చుట్టూనే తిప్పేవాణ్ణి, కానీ వ్యాసం నీది.

చిన్న చిన్నవి: 20 గ్రాండ్‌స్లామ్‌ల జాబితా తీసెయ్, అది ఎక్కడైనా దొరుకుతుంది. 2014 డిసెంబర్‌లో ఢిల్లీలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఆడిన సంగతి కూడా తీసెయ్. హైదరాబాదు పేరు కనబడితే మన పాఠకుడు దగ్గరవుతాడని ఇరికించావు, అతుకు తెలిసిపోతోంది. ఆ సాయంత్రం స్టేడియంలో నువ్వుంటే వేరు.

అభిమానుల గురించి నువ్వు రాసింది కూడా ఒక వైపే. వరసగా 19 ఏళ్ళు అభిమానుల ఓటుతో పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ అవార్డు తెచ్చుకున్నాడు, నిజమే. 2022 సెప్టెంబర్‌లో లండన్‌లో ఆఖరి మ్యాచ్, నాదల్‌తో జోడీగా డబుల్స్ ఆడి ఓడిపోయిన రాత్రి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడుస్తుంటే నేనూ తుండుగుడ్డ వెతుక్కున్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. కానీ అదే అభిమానులు 2019 వింబుల్డన్ ఫైనల్లో జొకోవిచ్ సర్వ్ నెట్‌కి తగిలితే చప్పట్లు కొట్టారు. స్టేడియమంతా 'రోజర్ రోజర్' అంటుంటే తాను 'నొవాక్ నొవాక్' అని విన్నట్టు అనుకునేవాణ్ణని మ్యాచ్ అయ్యాక జొకోవిచ్ చెప్పాడు. అంత సొగసైన ఆటని ప్రేమించేవాళ్ళు అంత మొరటుగా ఎలా ప్రవర్తించారు? నాకు జవాబు తెలియదు. ఆ రోజు నేనూ లోలోపల చప్పట్లు కొట్టినవాణ్ణే. నువ్వు కొట్టావా? కొడితే రాయి.

ఆ ఫైనల్ దగ్గరికే వస్తున్నాను, ఉత్తరం ఇంత పొడుగు రాసింది దానికోసమే. నాలుగో పేజీ చివర, ఇక చెప్పేదేం లేదన్నట్టు, నువ్వు రెండు వాక్యాలు పడేశావు. 2019 జులై 14. హాల్లో టీవీలో మీ నాన్నగారు వరల్డ్ కప్ క్రికెట్ ఫైనల్ చూస్తున్నారు, నువ్వు వంటింట్లో పొయ్యిగట్టు మీద ఫోన్ ఆనించుకుని టెన్నిస్ చూస్తున్నావు. అయిదో సెట్లో ఫెడరర్ 8-7, 40-15, చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా కప్పు ఆయనదే. అవి పోయాక నువ్వు పాలు తోడు పెట్టడం మర్చిపోయావు, మర్నాడు ఇంట్లో పెరుగు లేదు.

మాధురీ, ఇదమ్మా వ్యాసం! ముందున్న నాలుగు పేజీలూ ఎవరైనా రాస్తారు, నేనే రాశాను 2001లో. ఆ పొయ్యిగట్టు దగ్గర మొదలుపెట్టు. మొదటి మ్యాచ్ పాయింటు ఫోర్‌హ్యాండ్ పక్కకి వెళ్ళి పోయింది. రెండోదానికి నెట్ దగ్గరికి వచ్చాడు, జొకోవిచ్ క్రాస్‌కోర్ట్ పాసింగ్ షాట్ కొట్టాడు. అప్పుడు నీ ఫోన్‌లో బొమ్మ ఆగిందా, ఆగలేదా? హాల్లోంచి ఎవరి అరుపు వినబడింది? మొత్తం మ్యాచ్‌లో ఫెడరర్‌కి 218 పాయింట్లు, గెలిచిన జొకోవిచ్‌కి 204. ఆ అంకె నీ వ్యాసంలో మూడో పేజీలో బ్రాకెట్లో పడి ఉంది, దాన్ని తెచ్చి ఆ పాలగిన్నె పక్కన పెట్టు. నాలుగు గంటల 57 నిమిషాలు ఆడి, ఎక్కువ పాయింట్లు గెలిచి, ఓడిపోయినవాడి కోసం ఒక అమ్మాయి వంటింట్లో నిలబడి ఉంది. ఆయన ఆట అందం ఎంతో నేను ఆ నిలబడటంలో చూసుకుంటాను, నువ్వు నాకు వేరేగా చెప్పక్కర్లేదు.

రెండో రాత ఎప్పుడు పంపినా సరే, తొందరేం లేదు. చేత్తో రాసి పంపితే నాకు సుఖం, ఫోన్లో చదవలేను, కళ్ళు లాగుతున్నాయి.

ఒక్కటి అడగాలి. పెరుగు లేదన్నావు, బాగానే ఉంది. మర్నాడు మీ నాన్నగారు మజ్జిగ లేకుండానే అన్నం ముగించారా? ఎందుకు లేదని అడిగితే ఏం చెప్పావు? అది రాయలేదు నువ్వు.

ఉంటాను,
మాస్టారు