అతుకు కుదరలేదని దారి మార్చుకోవాలా?

ప్రశ్న: ఐటీఐలో వడ్రంగం ట్రేడ్ పూర్తి చేశాను. హైదరాబాద్ శివారులోని ఒక మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్‌వారు పని పరీక్షకు పిలిచి, బిస్కెట్ జాయినర్‌తో (పలకల అంచుల్లో గాడి కోసే యంత్రం; ఆ గాడుల్లో బిస్కెట్ అనే పలుచని చెక్క బిళ్లను జిగురుతో దూర్చి అతుకుతారు) రెండు ప్లైవుడ్ పలకలను అంచుకు అంచు అతకమన్నారు. అతికాక చూస్తే ఒక పలక ఒక మిల్లీమీటరు పైకి నిలిచింది. ఎంపిక కాలేదు. ఉలి, రంపంతోనే జీవితమంతా గడిపిన మా నాన్న ‘నీకు చెయ్యి కుదరలేదు’ అంటున్నారు. దీన్ని వదిలేసి సీఎన్‌సీ (కంప్యూటర్‌లో ఇచ్చిన కొలతల ప్రకారం తానే కోసే యంత్రం) కోర్సులో చేరమంటారా? – ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: మీ నాన్నగారి అనుభవం మీద గౌరవం ఉంది కానీ, ఈ మాట మాత్రం ఒప్పుకోను. ఉలి పక్కకు పోతే అది చేతి తప్పే. బిస్కెట్ జాయినర్ విషయంలో ముందు చూడాల్సింది యంత్రాన్ని ఎలా సరిచేసుకున్నారు, పలక మీద ఎలా ఆనించారు అన్నది.

ఆ ఒక మిల్లీమీటరు ఎక్కడి నుంచి వచ్చిందో నా ఊహ చెబుతాను. 18 మిల్లీమీటర్లదని అమ్మే ప్లైవుడ్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే తరచూ అంతకంటే తక్కువే ఉంటుంది. మీకిచ్చిన పలకలు 17 ఉన్నాయనుకోండి. మీరు 18లో సగమని ఫెన్స్‌ను, అంటే పలక ముఖం మీద ఆని గాడి ఎంత కిందికి పడాలో నిర్ణయించే పట్టీని, 9కి పెట్టి ఉంటారు. రెండు పలకలకూ పై ముఖం మీదే ఫెన్స్ ఆనించి కోస్తే చిక్కే లేదు. గాడి నట్టనడుమ పడకపోయినా రెండింటిలోనూ పై నుంచి 9 దగ్గరే పడుతుంది కాబట్టి ముఖాలు సమంగా కలుస్తాయి. ఒక పలకను పొరపాటున తిరగేసి కోస్తే మాత్రం దాని గాడి పై నుంచి 8 దగ్గరకు వస్తుంది. తేడా సరిగ్గా మీరు చెప్పినంత! కోత మొదలుపెట్టే ముందే ప్రతి పలక పై ముఖాన పెన్సిల్ గుర్తు పెట్టుకుని ఉంటే ఇది జరగదు.

ఇది కాకపోతే బ్లేడు ఫెన్స్‌కు సమాంతరంగా లేదేమో చూడాలి. ప్లగ్ తీసేసి, ఫెన్స్ అడుగున రంపపు పొట్టు లేకుండా తుడవండి. ఒక్క చిన్న పెళ్ల ఇరుక్కున్నా కొలత మారిపోతుంది. మూలమట్టంతో 90 డిగ్రీలు సరిచూసుకోండి. తర్వాత వృథా ముక్కలో ఒక గాడి కోసి, ముఖం నుంచి గాడి పై అంచు దాకా ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి కొలవండి. రెండు అంకెలూ ఒకటి కావాలి. కాకపోతే ఎదురెదురు పలకల్లో గాడులు ఒకటి ఇటు, ఒకటి అటు వాలతాయి. బిస్కెట్ దూరదు, బలవంతంగా దూర్చితే పలక మెలిపడుతుంది. పొడవు వైపు కొద్దిగా అటూ ఇటూ అయినా బిస్కెట్ సర్దుకుంటుంది. ఎత్తులో మాత్రం సర్దుకోదు. గాడి లోతు సంగతి తేలిక: 20వ నంబరు బిస్కెట్ వెడల్పు 23 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్కో వైపు 12కు పైగా ఉండాలి, జిగురుకు చోటు కావాలి కదా.

నేను వడ్రంగిని కాను. ఒకసారి అద్దెకు తెచ్చిన జాయినర్‌తో పుస్తకాల అర చేయబోయి, బరువంతా వెనక పిడి మీద వేసి నొక్కాను. యంత్రం ముందు భాగం లేచింది, గాడులన్నీ ఏటవాలుగా పడ్డాయి. ఒక చెయ్యి ఫెన్స్ మీద గట్టిగా ఆనించి పెట్టాలని ఆ అర నేర్పింది. ఇప్పటికీ అది కాస్త వంకరగానే ఉంది.

ఇక సీఎన్‌సీ. తప్పకుండా నేర్చుకోండి, కానీ పారిపోవడానికి కాదు. అక్కడా కొలత మొదలయ్యే సున్నా బిందువు పెట్టాలి, కోసే బిట్ అరుగుదల చూడాలి. 17 ఉన్న పలకకు 18 అని కంప్యూటర్‌లో కొడితే యంత్రం అదే తప్పును వంద పలకల్లో ఒకేలా చేసి పెడుతుంది. తప్పు ఎక్కడ పుట్టిందో కొలిచి చెప్పగలిగిన మనిషి ఫ్యాక్టరీకి కావాలి, ఆ పని మీరు ఇక్కడే నేర్చుకోవచ్చు. ఐటీఐ పూర్తయింది కాబట్టి ముందు ఒక ఫర్నిచర్ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరే ప్రయత్నం చేయండి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఆధునిక కలప యంత్రాలపై శిక్షణ కేంద్రం ఉంది, అక్కడి కోర్సుల వివరాలు కనుక్కోండి.

నాన్నగారితో ఒక సంగతి చెప్పండి. 1950లలో ఈ బిస్కెట్ పద్ధతిని కనిపెట్టిన హెర్మన్ స్టైనర్ స్విట్జర్లాండ్‌లో వడ్రంగి మేస్త్రీయే. అప్పట్లో కొత్తగా వచ్చిన చిప్‌బోర్డును (కలప పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అతకడానికి తేలిక దారి వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు.

ఆ యూనిట్‌కు ఫోను చేసి ఇంకొక అవకాశం అడగండి. ఉత్త చేతులతో వెళ్లవద్దు. పాత ప్లైవుడ్ ముక్కలతో రెండు అతుకులు చేసి తీసుకెళ్లండి: ఒకటి కుదిరినది, ఇంకొకటి కావాలనే ఒక పలకను తిరగేసి కోసినది. రెండో దాని మీద పలక మందం, ఫెన్స్ ఎత్తు, వచ్చిన తేడా పెన్సిల్‌తో రాసి ఉంచండి.